కాపలా లేని భాండాగారములు

2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ విశాఖపట్టణమున డేటా కేంద్రము నెలకొల్పుటకై ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించినది. నాటినుండి భూమి యెంత, విద్యుత్తెంత, నీరెంత, ఉద్యోగములెన్ని యను చర్చయే యెల్లెడల వినవచ్చుచున్నది. ఈ చర్చ యావశ్యకమే. కాని మన ఆస్పత్రులు, బ్యాంకులు, విశ్వవిద్యాలయములు, ప్రభుత్వ కార్యాలయములు ఇప్పటికే తమ సర్వస్వమును డిస్కుల వరుసలలో దాచుకొనియున్నవి గదా; ఆ డిస్కులను రేయింబవళ్లు కనిపెట్టుచున్నవారెవ్వరని మేమడుగుచున్నాము.

కనిపెట్టు సాఫ్ట్‌వేర్‌ను కొంటిమని పలువురు బదులు చెప్పుదురు. కొనుట వేఱు, అమర్చుట వేఱు. విశాఖవాసులకు దీనిని వివరింప దూరపు దృష్టాంతములతో పనిలేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వేంకటాపురపు రసాయన కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మందిని బలిగొన్నది. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చినదేమి? ఉష్ణమాపకము ట్యాంకు అడుగున మాత్రమే యున్నది. పైభాగమున వేడి హెచ్చుచున్న సంగతి దానికి తెలియలేదు. సైరనుండియు దానిని మ్రోగించినవారు లేరు.

డేటా నిల్వ యంత్రములందును ఈ లోపమే కలుగుచుండును. ఎంత చోటు నిండెనను నొక్క లెక్కను జూచి యధికారులు తృప్తిపడుదురు. డిస్కులలో చెడిన భాగములు పెరుగుటయు, యంత్రము జవాబిచ్చుటకు బట్టు కాలము దినదినము హెచ్చుటయు నెవ్వరి కంటను బడవు. ఒక్క డిస్కు నష్టమును మాత్రమే యోర్వగల శ్రేణిలో మొదటిది పోయినట్లు తెలియకుండగనే రెండవది పోయినచో సర్వమును నష్టమే.

అట్లని ప్రతి చిన్న కదలికకును హెచ్చరిక పంపునట్లు చేసినచో, దినమునకు వందలు వచ్చి చదువువారుండరు. కొన్ని వారములు యంత్రపు సహజగతిని గమనించి, పిమ్మట హద్దులు నిర్ణయింపవలెను. ఎంత నిండెనను ప్రశ్నకంటె, ఈ వేగమున నిండిన నింకెన్ని దినములకు చాలునను ప్రశ్న మేలైనది. ప్రతి హెచ్చరికకును బాధ్యుడైన మనుష్యుడొకడుండవలెను.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తీరము దాటునపుడు, దానిని కనిపెట్టుచున్న కైలాసగిరి రాడారే దెబ్బతిన్నది. కావున కాపలా యంత్రమును, అది కాచు యంత్రమును ఒక్క గదిలో, ఒక్క విద్యుత్ తీగెపై నుంచరాదు. కాపలా మౌనము వహించినచో ఆ మౌనమునే ప్రమాదముగా నెంచు మఱియొక కన్ను వేఱొక చోట నుండవలెను.

కాపలా యొక్కటియే చాలదనియు నెఱుగుదుము. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజన్ నగరపు ప్రభుత్వ కేంద్రము కాలినపుడు, వేఱుచోట ప్రతి లేనందున 858 టెరాబైట్ల యుద్యోగ పత్రములు నశించినవి.

ధనము లేదను సాకు చెల్లదు. జాబిక్స్, ప్రొమీథియస్ వంటి సాఫ్ట్‌వేర్లు వెల లేకయే లభించును. కావలసినది వానిని అమర్చు నేర్పు. మన కళాశాలలు ఆ నేర్పును బోధింపవలెను. ప్రభుత్వము ప్రతి టెండరునందును ఒక షరతు చేర్పవలెనని మేము కోరుచున్నాము: యంత్రము నప్పగించుదినమున అధికారి యెదుటనే యొక డిస్కును ఊడదీసి, హెచ్చరిక యెవరికి, ఎన్ని నిమిషములలో చేరెనో చూచిన పిమ్మటనే బిల్లు చెల్లింపవలెను. ఇందులకగు వ్యయము స్వల్పము. రోగుల చరిత్రలును, రైతుల భూమి పత్రములును పోయిన పిదప నెంత వెచ్చించినను తిరిగి రావు.