కూల్చే ముందు ఒకసారి చెవి పెట్టండి

1988 అక్టోబర్ 8న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ముగ్గురు సంగీతకారులు భూగర్భంలోని ఒక ఖాళీ నీళ్ల తొట్టిలోకి దిగారు. పోర్ట్ టౌన్‌సెండ్ దగ్గర, సైన్యం ఎప్పుడో వదిలేసిన ఫోర్ట్ వోర్డెన్ స్థావరంలో ఉంది ఆ తొట్టి. పట్టే నీళ్లు ఇరవై లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 75 లక్షల లీటర్లు. పాలీన్ ఒలివెరోస్ అకార్డియన్, స్టువర్ట్ డెంప్‌స్టర్ ట్రాంబోన్, పనయోటిస్ గొంతు. రాసుకొచ్చిన స్వరాలేవీ లేవు. ఆ రోజు అప్పటికప్పుడు పుట్టిన సంగీతమే మరుసటి ఏడాది ‘డీప్ లిజనింగ్’ ఆల్బమ్‌గా వచ్చింది.

ఆ తొట్టిలో పలికిన స్వరం అణగడానికి 45 సెకన్లు పడుతుంది. మంచి కచేరీ హాల్లో ఇది సుమారు 2 సెకన్లే. వేదిక మీద ఒక స్వరం పక్కకు పోతే తర్వాతి స్వరంతో సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. తప్పిన స్వరం ముప్పావు నిమిషం గాల్లోనే ఉండి, వెనక వచ్చే ప్రతి స్వరంతోనూ కలుస్తుంది. అందుకే ఆ ముగ్గురూ వాయించినదానికన్నా విన్నదే ఎక్కువ. ఒలివెరోస్ తన అకార్డియన్‌కు పియానో స్వరస్థానాలు వదిలేసి, సహజ నిష్పత్తుల్లో శ్రుతి చేయించారు. తంబురా విన్న చెవికి కారణం చెప్పనక్కర్లేదు. స్వరాలు ఒకదానిపై ఒకటి పేరుకునే చోట శ్రుతి రవ్వంత తేడా వచ్చినా నాదం అదురుతుంది.

ఎవరికీ పనికిరాదని వదిలేసిన కట్టడం ఇక్కడ నాలుగో వాద్యమైంది. ఇలాంటి చోట్లను పాడుబడ్డ ఆస్తిగా లెక్కగట్టి పాత సామానుకు అమ్మేయడం అన్యాయం.

కొలరాడోలోని రేంజ్‌లీ ఊళ్లో ఇనుప నీళ్ల ట్యాంకుకు అదే గతి పట్టబోయింది. అక్కడి నేల దాని బరువును మోయలేదని తేలడంతో అందులో నీళ్లే నింపలేదు. 1976లో బ్రూస్ ఓడ్లాండ్ అనే శబ్ద కళాకారుడికి దాని లోపలి నాదం తెలిసింది. అప్పటినుంచి సంగీతకారులు వెళ్లి రికార్డు చేసుకుంటూనే ఉన్నారు. తుక్కు కింద పోయే ప్రమాదం వచ్చినప్పుడు, 2013లో అభిమానులు చందాలు వేసుకుని దాన్ని నిలబెట్టుకున్నారు. ఇప్పుడది శబ్ద కళల కేంద్రం.

స్కాట్లండ్‌లోని ఇంచిన్‌డౌన్‌ది ఇంకా పెద్ద కథ. బాంబులకు అందకుండా నౌకాదళం ఇంధనం దాచుకున్న ఆ కొండలోపలి ట్యాంకులో శబ్దశాస్త్ర ఆచార్యుడు ట్రెవర్ కాక్స్ ఉత్తుత్తి తూటా పేల్చి కొలిచారు. 125 హెర్ట్జ్ దగ్గర శబ్దం 112 సెకన్లు నిలిచింది. 2014లో గిన్నిస్ రికార్డుకెక్కింది.

ఇదంతా ఇప్పుడు కంప్యూటర్లో వస్తుంది కదా అనవచ్చు. నిజమే, ఒక చోటి ప్రతిస్పందనను కొలిచి పెట్టుకుంటే, స్టూడియోలో పాడిన పాటకు ఆ చోటి మారుమోతను తర్వాత అద్దవచ్చు. కానీ అలా తర్వాత అద్దితే, పాడేటప్పుడు గాయకుడికి అది వినపడదు. వినపడనిదానికి అతను ఆగడు, తగ్గడు, ఎదురు చూడడు. తీరిగ్గా రాగాన్ని విప్పే ఆలాపనకు ఇలాంటి చోటు ఎంత ఇవ్వగలదో ఊహించుకోవచ్చు. వేగంగా దొర్లే చిట్టస్వరాలు మాత్రం అక్కడ ముద్దయిపోతాయి.

మనకూ గోల్కొండ ఉంది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన, పైనున్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. 1687లో కుతుబ్‌షాహీల పాలన ముగిశాక రాజ్యం పోయింది కానీ ఆ ధ్వని పోలేదు. అయినా పర్యాటకులకు చప్పట్లు కొట్టి చూపించడం దగ్గరే మనం ఆగిపోయాం. కోటను కాపాడుతున్న భారత పురావస్తు శాఖ, సందర్శకులు రాకముందు తెల్లవారుజామున కొన్ని గంటలు సంగీతకారులను లోపలికి రానివ్వాలి. లౌడ్‌స్పీకర్లు వద్దు, గోడకు మేకు కొట్టొద్దు, గొంతు, వేణువు, రికార్డు చేసుకోవడానికి రెండు మైకులు చాలు. గుమ్మటాల ధ్వని కొలతలను కూడా కోట పటాలతోపాటు భద్రపరచాలి. రాళ్లకు మరమ్మతు చేసేటప్పుడు ఆ ధ్వని చెడకుండా చూసుకోవడానికి ఆ కొలతలే ఆధారం.