నేటి మెట్టు

తిరుపతి పట్టణమునకు ఉత్తరమున శేషాచల పర్వతపంక్తి కోటగోడవలె నిలిచియున్నది. ఆ కొండల పాదమున నున్న అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిబాటలో సుమారు 3,550 మెట్లు కలవు. దూరము దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. ప్రతిదినము వేలకొలది యాత్రికులు ఈ మెట్లను ఎక్కుచుందురు. వారిలో కొందరు మాటిమాటికి తలయెత్తి పైకి చూచి, "ఇంకెంత దూరము?" అని నిట్టూర్చుచుందురు. మరికొందరు ప్రతి మెట్టునకును వంగి, పసుపు కుంకుమలు అద్ది, నమస్కరించి, ఆ తరువాతనే పై మెట్టుపై పాదము మోపుదురు. ఈ రెండవవారికి శ్రమ ఎక్కువ. కాలమును ఎక్కువ పట్టును. అయినను వారికి విసుగు తక్కువ. ఏలన, వారికి ప్రతి మెట్టును ఒక గమ్యమే. అడుగడుగునను ఒక పని ముగిసిన తృప్తి వారికి లభించుచుండును.

నిత్యజీవితములో సుఖమును కోరువారు ఈ దృశ్యమును మనసున నిలుపుకొనవలెను. దూరముననున్న శిఖరము దారిని చూపును; కాని ఆనందము నిచ్చునది నేడు ఎక్కిన మెట్టు.

లోకములో పలువురు ఈ సత్యమును మరచి, సుఖమును రేపటికి వాయిదా వేయుచుందురు. బాలుడు పరీక్షలో ఉత్తీర్ణుడైన పిమ్మట సుఖపడవచ్చునని తలచును. ఉత్తీర్ణుడైన యువకుడు ఉద్యోగము దొరకిన పిమ్మట అని తలచును. ఉద్యోగము దొరకినవాడు ఇల్లు కట్టిన పిమ్మట అనును. ఇల్లు కట్టినవాడు అప్పు తీరిన పిమ్మట అనును. ఇట్లు సంవత్సరములు గడచిపోవును గాని, ఆ "పిమ్మట" మాత్రము రాదు. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరక చెప్పలేదు.

అట్లని గొప్ప లక్ష్యము కూడదా? కూడును. కాని ఆ గొప్ప లక్ష్యమును అనుదినము చేయదగిన చిన్న నియమముగా మార్చుకొనవలెను. ఇందులకు దృష్టాంతము ఈ కొండమీదనే కలదు.

రాజంపేట సమీపముననున్న తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించెనని చెప్పుదురు. తన పదునారవ యేట, అనగా 1424లో, ఆయన వేంకటేశ్వరునిపై సంకీర్తనలు రచింప మొదలిడి, 1503లో తనువు చాలించువరకు ఆ పనిని సాగించెనని సంకీర్తనల రాగిరేకులపై చెక్కబడియున్నది. దినమునకు ఒక్క సంకీర్తనకైనను తక్కువ కాకుండ రచించుట ఆయన నియమమని ప్రతీతి. ఆయన మొత్తము 32,000 సంకీర్తనలు రచించెనని ఆయన మనుమడైన చిన్నన్న తన ద్విపద కావ్యములో తెలిపెను. ఆ సంఖ్యను వినగానే ఎవరికైనను ఆశ్చర్యము కలుగును. కాని లెక్క వేసి చూచిన, 1424 నుండి 1503 వరకు గల 79 సంవత్సరములలో దినములు సుమారు 28,800. అనగా దినమునకు ఒకటి, అప్పుడప్పుడు రెండు. కొండంత కనబడు ఆ రాశి నిజమునకు ఒక్కొక్క దినపు పనియే!

ఇందు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. అన్నమాచార్యుల కుమారుడు పెదతిరుమలాచార్యులు ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించెను. ఆ రేకులు తిరుమల ఆలయములో చిన్న రాతిగదియందు భద్రపరుపబడి, శతాబ్దముల తరబడి లోకుల కంటబడక యుండెను. ఇరువదవ శతాబ్దిలో గాని అవి అచ్చుకు రాలేదు. నేడు లభించుచున్న సంకీర్తనలు మొత్తములో సగము కూడ లేవు. కీర్తికొరకు మాత్రమే వ్రాసినవాడైనచో అంతటి దీర్ఘకాలము ఆ నియమమును నిలుపుకొనగలుగుట దుర్లభము. ఆ దినపు పాట ఆ దినమే ఆయనకు ఫలము నిచ్చియుండవలెను.

ఆ రేకులు వెలుగు చూచిన పిదప పనిచేసిన పండితులలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఒకరు. 1893లో జన్మించిన ఆయన మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించి, ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరిరి. రాగిరేకులపై రాగముల పేర్లు కలవు గాని, పాడు విధానమును తెలుపు స్వరములు లేవు. శర్మగారు ఒక్కొక్క సంకీర్తనను తీసికొని, దాని భావమునకు తగిన వరుసను కూర్చి, స్వరములు వ్రాసి ప్రకటించిరి. పలువురు విశ్రాంతికై ఎదురుచూచు వయసులో ఆయన ఒక క్రొత్త పనికి పూనుకొనిరి. మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము 1974లో ఆయనను వరించెను. అప్పటికి ఆయన ఎనుబది యేండ్లు దాటినవారు. సన్మానము వెనుక వచ్చినది. పని ముందు నడచినది.

ఇట్టి అనుభవము పరదేశములందును కలదు. అమెరికా దేశస్థుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ యౌవనమున ముద్రణాలయము నడుపుకొను సామాన్యుడు. ఆయన తనకు కావలసిన సుగుణములు పదుమూడు అని నిర్ణయించుకొని, ఒక చిన్న పుస్తకములో గళ్లు గీసి, వారమునకు ఒక్క గుణముపై దృష్టి నిలిపెను. తప్పిన దినమున ఆ గడిలో ఒక నల్లచుక్క పెట్టుకొనెను. పదుమూడు వారములకు ఒక ఆవృత్తి. సంవత్సరమునకు నాలుగు ఆవృత్తులు. వస్తువులను క్రమముగా నుంచుకొనుట యను గుణము మాత్రము ఆయనకు కడవరకు పట్టుబడలేదు. అయినను, పరిపూర్ణతను అందుకొనలేకపోయినను ఆ ప్రయత్నముచేతనే తాను మునుపటికంటె మంచివాడను, సుఖవంతుడను అయితినని ఆయన తన స్వీయచరిత్రలో ఒప్పుకొనెను. నల్లచుక్కలున్న పుస్తకము కూడ మనుష్యునికి సుఖము నీయగలదని దీనివలన తెలియుచున్నది.

కాబట్టి లక్ష్యమును ఏర్పరచుకొనువారు మూడు విషయములను పరికింపవలెను. మొదటిది, అది తన చేతిలోని పనియై యుండవలెను. "తరగతిలో ప్రథముడను కావలెను" అను కోరిక ఇతరుల మార్కులపై ఆధారపడును. "ప్రతి సాయంకాలము ఐదు లెక్కలు చేయుదును" అను నియమము తనపైననే ఆధారపడును. మొదటిదానిని పట్టుకొన్న బాలుడు మిత్రుని విజయమునకు దుఃఖించును. రెండవదానిని పట్టుకొన్న బాలుడు మిత్రునితో కలిసి సంతోషింపగలడు. పొరుగింటి పుల్లకూర రుచి అని తలచువానికి తన విస్తరిలోని పాయసమును చేదుగనే తోచును.

రెండవది, అది చిన్నదై యుండవలెను. ఉగాదినాడు పది నియమములు పెట్టుకొని పదునైదు దినములలో అన్నిటిని విడుచువారు ఎందరో కలరు. ఆరంభశూరత్వము ఎవరికైనను సులభము. పది నియమములు విడుచుటకంటె ఒక్క నియమము నిలుపుకొనుట మేలు.

మూడవది, అది ఒంటరి లాభమునకు పరిమితము కాకుండుట మంచిది. ఇంటి ముందు నాటిన మామిడి మొక్కకు దినమునకు ఒక చెంబెడు నీరు పోయుట, బడి నుండి వచ్చి తల్లికి ఒక పనిలో సాయపడుట, కంటిచూపు తగ్గిన తాతగారికి ఒక పుట చదివి వినిపించుట: ఇవి చిన్న నియమములు. చదివి వినిపించు మనుమడు ఒక పుటను నేర్చును; వినెడి తాతగారు ఆ గడియకై పగలంతయు ఎదురుచూచును. ఒక్క పనివలన ఇద్దరికి సుఖము కలుగుచున్నది.

నియమములు పెట్టుకొన్నంతమాత్రమున దుఃఖములన్నియు తొలగునా అని కొందరు ప్రశ్నింపవచ్చును. తొలగవు. వాన కురియక వేరుశనగ పైరు ఎండిన రైతు కష్టమును పుస్తకములోని గళ్లు తీర్పజాలవు. ఆకలికి అన్నము, వ్యాధికి వైద్యము కావలెను. వానిని సమకూర్చుట సంఘము యొక్కయు, ప్రభుత్వము యొక్కయు విధి. కష్టములో నున్నవానితో "నీకు లక్ష్యము లేదు, కావుననే సుఖము లేదు" అని పలుకుట క్రూరత్వము. కాని ఎంతటి కష్టకాలమునందైనను, తన శక్తికి లోబడిన ఒక్క పనిని నెరవేర్చిన మనుష్యుడు తాను పూర్తిగా ఓడిపోలేదని గ్రహించును. ఆ గ్రహింపు మరునాటికి బలము.

నియమము ఒకనాడు తప్పినచో దానిని అంతటితో విడువరాదు. మెట్లబాటలో మోకాళ్ల పర్వతము వచ్చినప్పుడు ఎంతటివాడైనను ఒకచోట కూర్చుండి అలసట తీర్చుకొనును. కూర్చున్నవాడు ఓడినవాడు కాడు. వెనుదిరిగి దిగిపోయినవాడే శిఖరమునకు దూరమగును. నిన్న తప్పిన మెట్టును గూర్చి చింతింపక, రేపటి మెట్టును గూర్చి భయపడక, నేటి మెట్టును నేడే ఎక్కుట విద్యార్థులకును పెద్దలకును సుఖమార్గము.