ఇంటి చదువులో రెండు గణిత పుస్తకములు

బడి మానిన పిల్ల పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమున మరల పుస్తకము పట్టినప్పుడు ఇంటిల్లిపాదికి తోచు మొదటి భయము లెక్కలను గూర్చియే. మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులలో కొందరు సాయంకాల వేళల ఇట్టి చెల్లెండ్రకు, తమ్ములకు ఇంటనే చదువు చెప్పుచున్నారు. వారి ముందు సాధారణముగా రెండు గణిత పుస్తకములుండును. ఒకటి పిల్ల పరీక్ష వ్రాయబోవు జాతీయ సార్వత్రిక విద్యాపీఠము వారిది. రెండవది అన్నయో అక్కయో తాము చదివి దాచియుంచిన తెలంగాణ పదవ తరగతి పుస్తకము. ఈ రెంటిని ఎట్లు జోడించవలెనన్న విషయమై మా అభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము.

1989లో ఆరంభమైన ఈ ఓపెన్ స్కూల్ సంస్థ పదునాలుగేండ్లు నిండినవారిని పదవ తరగతికి చేర్చుకొనును. ఐదు సబ్జెక్టులు చాలును. అందు గణితము తప్పనిసరి కాదు. మాకు బాధ కలిగించునది ఇచ్చటనే. "ఆడపిల్లకు లెక్కలెందుకు? గృహవిజ్ఞానము పెట్టించండి" అని పెద్దలు అనుట వినుచునే యున్నాము. గృహవిజ్ఞానమును మేము చులకన చేయుట లేదు. కాని పాలిటెక్నిక్ ప్రవేశమునకు పదవ తరగతిలో గణితము చదివియుండవలెను. ఆ దారిని పిల్ల నడుగకయే మూసివేయుట న్యాయమా?

ఇక పుస్తకముల సంగతి. రెండును పదవ తరగతివే యైనను వాని స్వభావము వేరు. ఓపెన్ స్కూల్ పుస్తకము బడికి దూరమైన వారిని దృష్టిలో నుంచుకొని కట్టినది. కారణాంకములు, రేఖలు, కోణములు, త్రిభుజముల సర్వసమానత్వము వంటి కింది తరగతుల విషయములను అది మొదటి నుండి చెప్పును. శాతములు, వాయిదాల కొనుగోలు వంటి వాణిజ్య గణితమును అందున్నది. తెలంగాణ పుస్తకమైతే తొమ్మిదవ తరగతి పూర్తిచేసి వచ్చిన విద్యార్థిని ఊహించుకొని నడచును. సమితులు, సంవర్గమానములు, గుణశ్రేఢి అందు కలవు. మొదటి పుస్తకమున లేవు. కనుక రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని మొదటి పుట నుండి చివరి పుట వరకు ఏకకాలమున నడిపించు ప్రయత్నము వృథా శ్రమ. పిల్ల ఉదయము ఒక వరుసను, సాయంత్రము మరొక వరుసను మోయవలసివచ్చి, పక్షము తిరుగకముందే రెంటిని మూలన పెట్టును.

పరీక్ష ఏ పుస్తకము మీద జరుగునో అదియే ప్రధానముగా నుండవలెను. రెండవది సాధన కొరకు, ఒక్కొక్కచోట మెరుగైన వివరణ కొరకు మాత్రమే. పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథమును తెలుగు చేసినప్పుడు మూలమును యథాతథముగా దింపలేదు. జైన ప్రస్తావనల స్థానమున శివ ప్రస్తావనలుంచి తన పాఠకునకు తగినట్లు మలచినాడు. ఇంట పాఠము చెప్పు అక్కకు ఆ మాత్రపు స్వేచ్ఛ ఉండవలదా?

రెండు పుస్తకములు నిజముగా కలిసికొను చోటు ఒకటి చూపుదుము. ఒక బట్టల యంత్రము నగదు ధర రూ. 12,000 అనుకొందము. వాయిదాలపై నైతే ముందుగా రూ. 2,000, పిమ్మట నెలకు రూ. 1,800 చొప్పున ఆరు నెలలు. మొత్తము రూ. 12,800. ఎనిమిది వందలే కదా ఎక్కువ, పదివేలకు ఆరు నెలలకు ఎనిమిది శాతము, ఏడాదికి పదునారు అని దుకాణదారుడు నచ్చజెప్పును. కాని పదివేలు ఆరు నెలలును మన చేత నుండలేదు. మొదటి నెల బాకీ 10,000. రెండవ నెల 8,200. ఆపై 6,400, 4,600, 2,800, చివరి నెల 1,000. ఇది 1,800 చొప్పున తగ్గుచున్న అంకశ్రేఢి! తెలంగాణ పుస్తకమున శ్రేఢుల అధ్యాయము తెరచి, మొదటి చివరి పదములను కూడి మూడింట గుణించినచో 33,000 వచ్చును. ఒక నెలకు 33,000 రూపాయల మీద 800 వడ్డీ యనగా ఏడాదికి సుమారు 29 శాతము. ఈ లెక్క చేసిన పిల్ల తండ్రితో దుకాణమునకు వెళ్లినప్పుడు నోరు మెదపక నిలుచుండదు. వయసు వచ్చిన పిల్లకు చిన్నపిల్లల మామిడిపండ్ల లెక్కలిచ్చి అవమానించుటకంటె ఇట్టివి వేయింతలు మేలు.

మన ఇండ్లలో మరియొక చిక్కు గలదు. చెల్లెలు ఉర్దూ మాధ్యమమున చదివి మానినది. అన్న తెలుగున చదివినవాడు. ఆమె ముసల్లస్ అన్నది ఇతనికి త్రిభుజము, దాయిరా వృత్తము, జావియా కోణము, ముసావాత్ సమీకరణము. చెల్లెలికి తెలియనిది లెక్క కాదు, మాట మాత్రమేనని అన్న గ్రహింపక కోపపడిన సందర్భములు తక్కువ కావు. రెండు భాషల పదములను ఎదురెదురుగా వ్రాసికొన్న ఒక్క నోటుబుక్కు చాలును.

సమితులు, సంవర్గమానములు విడిచిన నష్టము కాదా యని కొందరడుగుదురు. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చేరదలచిన పిల్లకు తప్పక నష్టమే. అట్టివారికి పరీక్ష ముగిసి కళాశాల తెరచు లోపల ఆ రెండు విషయములను తెలంగాణ పుస్తకము నుండి చెప్పవచ్చును. సి.ఇ.సి. చేరు పిల్లకు ఆ తొందర లేదు. పైగా ఓపెన్ స్కూల్ పరీక్షలు ఏటికి రెండు మారులు జరుగును. ఉత్తీర్ణమైన సబ్జెక్టు ఐదేండ్లు నిలుచును. ఇంత వెసులుబాటుండగా, పక్కింటి పిల్లతో పోల్చి ఒక్క ఏడాదిలోనే అన్నియు మింగించవలెనను ఆత్రుత దేనికో మాకు బోధపడదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. ఈ రెండు గణిత పుస్తకములను ఉర్దూలోను, తెలుగులోను నాలుగేసి ప్రతులు గ్రంథాలయమునకు తెప్పించి, వేసవి సెలవులలో సైతము ఇంటికి తీసికొనిపోవుటకు మా విద్యార్థులకు అనుమతి నిప్పించవలెను. ఆదివారము ఉదయము ఒక గది తాళము తీయించినచో, తమ చెల్లెండ్రను వెంటబెట్టుకొని వచ్చి నేర్పుటకు సిద్ధముగా నున్న విద్యార్థినులు మనలో కలరు.