ఫిర్యాదుకు చిరునామా లేని సమానత్వం

రాజ్యాంగం అమలులోకి వచ్చి డెబ్బై అయిదేళ్లు దాటింది. అయినా రాయ్‌పూర్‌లో ఒక పౌరుడికి కులాన్ని బట్టో మతాన్ని బట్టో ఇల్లు అద్దెకివ్వకపోతే ఆ అన్యాయం ఎక్కడ చెప్పుకోవాలన్న చిన్న ప్రశ్నకు రాజ్యం దగ్గర సూటి సమాధానం లేదు. చెత్త ఎత్తలేదని, వీధి దీపం వెలగలేదని నగర పాలక సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. 'మీవాళ్లకు ఇల్లివ్వం' అన్న మాట మీద ఫిర్యాదు తీసుకునే బల్ల మాత్రం అక్కడ లేదు. ఈ లోపం ఒక్క రాయ్‌పూర్‌ది కాదు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ పరిస్థితి ఇదే.

తలుపులు లేవని కాదు, చాలానే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలపై జరిగే నేరాల కోసం రాయ్‌పూర్‌లో 'అజాక్' ఠాణా ఉంది. ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు, మైనారిటీలకు వేర్వేరు కమిషన్లున్నాయి. వికలాంగులకు 2016 నాటి చట్టం, ట్రాన్స్‌జెండర్లకు 2019 నాటి చట్టం ఉన్నాయి. కానీ వీటిలో ఏ తలుపు తట్టినా మొదట ఎదురయ్యే ప్రశ్న 'నీకేం జరిగింది' అని కాదు, 'నువ్వెవరు' అని. దళిత మహిళ వికలాంగురాలు కూడా అయితే ఆమెకు జరిగిన ఒక్క అవమానాన్ని మూడు ముక్కలు చేసి మూడు కార్యాలయాలకు పంచాలి. కమిషన్లు నోటీసులిస్తాయి, విచారిస్తాయి, చివరకు సిఫారసు చేస్తాయి. ఆ సిఫారసును పాటించక తప్పదన్న నిబంధన లేదు. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్దామంటే అది చూసేది ప్రభుత్వోద్యోగుల తప్పిదాలను, అదీ ఏడాదిలోపు వస్తేనే. ఇంటి యజమాని ప్రభుత్వోద్యోగి కాడు.

అస్పృశ్యత పేరిట ఒకరిని ఒక ప్రాంతంలో నివసించకుండా అడ్డుకోవడం నేరమని 1955లోనే పార్లమెంటు చట్టం చేసింది. నేడు పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పిలుస్తున్నది దాన్నే. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అస్పృశ్యత వల్లే జరిగిందని, వేరే రుజువు లేనంతవరకు కోర్టు భావించాలని కూడా అందులో ఉంది. కాగితం మీద ఇంతకన్నా గట్టి రక్షణ ఉండదు. అయితే అది క్రిమినల్ చట్టం. బాధితుడికి కావలసింది ఇల్లు. చట్టం ఇవ్వజూపేది జైలు, అదీ ఎదుటివాడికి, అదీ ఏళ్ల తరబడి వాయిదాల తర్వాత. ఈలోగా ఇంటి యజమాని తెలివిమీరాడు. కులం అడగడు, ఇంటిపేరు అడుగుతాడు. మతం అడగడు, మాంసం తింటారా అని అడుగుతాడు. 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు వెనుక వేల ఏళ్ల వివక్ష మర్యాదగా దాక్కుంటోంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకైతే ఈ 1955 నాటి రక్షణ కూడా లేదు.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి తెలియక కాదు. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర కులమత వివక్ష కూడదని 15(2) అధికరణం వ్యక్తులను సైతం కట్టడి చేసింది. 'దుకాణం' అన్న మాటను విశాలార్థంలో వాడామని, సేవలందించే ఎవరైనా దాని కిందికి వస్తారని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు. సుప్రీంకోర్టు 2011లో ఆ వివరణను స్వీకరించింది. అదే కోర్టు 2005లో, పార్సీలకు మాత్రమే సభ్యత్వమన్న అహ్మదాబాద్ గృహ నిర్మాణ సంఘం నిబంధనను సమర్థించింది. పార్లమెంటు స్పష్టమైన చట్టం చేయనంతకాలం ఇంటి గడప దగ్గర సమానత్వం తీర్పు తీర్పుకూ మారుతూనే ఉంటుంది.

బతుకుతెరువు కోసం రాష్ట్రం దాటిన తెలుగువారికి ఈ చిక్కు మరింత జటిలం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు పొందిన కుటుంబం బొంబాయికి వలస వెళ్తే ఆ హోదా అక్కడ చెల్లదని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. అది వైద్య కళాశాల సీటుకు సంబంధించిన వివాదం. కానీ సీటుతో పాటు రక్షణ కూడా సరిహద్దు దగ్గరే ఆగిపోతుందా? అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ సొంత రాష్ట్రానికే పరిమితం కాదని బొంబాయి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2023లో చెప్పవలసి వచ్చింది. అవమానించేవాడు రాష్ట్రాల జాబితాలు చూసి అవమానించడు. ఆ జాబితాలు చూడవలసిన భారం మాత్రం బాధితుడిది.

చిరునామా దొరికిన ఫిర్యాదుల గతి ఏమిటో కూడా ఛత్తీస్‌గఢ్ చూపింది. 2023 జులై 18న, శాసనసభ సమావేశాల వేళ, దళిత, ఆదివాసీ యువకులు రాయ్‌పూర్ రోడ్ల మీద నగ్నంగా నడిచారు. నకిలీ కుల ధ్రువపత్రాలతో ఉద్యోగాలు కొట్టేసిన కేసులు 267 ఉన్నా చర్య లేదన్నది వారి ఆరోపణ. ప్రభుత్వం చేసిన మొదటి పని వారిని అరెస్టు చేయడం. అప్పుడున్నది కాంగ్రెస్. మరుసటి ఏడాది బీజేపీ ఏలుబడిలో, సత్‌నామీలు పవిత్రంగా భావించే జైత్‌ఖామ్‌ను గిరౌద్‌పురి దగ్గర మే నెలలో ధ్వంసం చేశారు. పోలీసు దర్యాప్తు మీద నమ్మకం లేక సత్‌నామీలు సీబీఐ విచారణ కోరారు. జూన్ 10న ఆ ఆందోళన బలౌదాబజార్ కలెక్టరేట్‌ను తగలబెట్టేదాకా వెళ్లింది. నిప్పు పెట్టడాన్ని ఎవరూ సమర్థించనక్కర లేదు. కానీ కాగితం మీది ఫిర్యాదుకు విలువ లేదని జనం అనుకున్న చోట ఏం జరుగుతుందో తెలియదని ప్రభుత్వాలు నటించడమూ తగదు.

దుర్వినియోగం చేస్తారన్న వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వాదనకే తలొగ్గి అత్యాచారాల నిరోధక చట్టాన్ని పలచన చేసింది. ఏప్రిల్ 2న దేశం భగ్గుమంటే ఆగస్టులో పార్లమెంటు దాన్ని సరిదిద్దింది. కేసు వీగిపోతే ఫిర్యాదు అబద్ధమైపోదు. 1991లో చుండూరులో దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అంతమాత్రాన చచ్చిపోయినవాళ్లు బతికిరాలేదు.

ఇల్లు సొంత ఆస్తి, ఎవరికివ్వాలో యజమాని ఇష్టం అన్నది మరో వాదన. దీనికి జవాబు తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన సియాటిల్‌లో ఉంది. అక్కడ ఇల్లు, ఉద్యోగం, దుకాణాల్లో వివక్షపై నగర పౌరహక్కుల కార్యాలయానికి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. 2023 ఫిబ్రవరి 21న ఆ నగర మండలి నిషిద్ధ వివక్షల జాబితాలో కులాన్నీ చేర్చింది. కులం పుట్టని దేశంలోని ఒక నగరం కుల వివక్షపై ఫిర్యాదుకు చిరునామా ఇచ్చింది. కులం పుట్టిన దేశంలోని నగరాలు ఇవ్వలేకపోయాయి. సొంత ఆస్తి అక్కడా సొంత ఆస్తే.

కావలసిన ఆలోచన కొత్తదీ కాదు. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలంది. 2008లో మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం దానికి రూపురేఖలు గీసింది. శశి థరూర్ వివక్ష నిరోధానికి ప్రైవేటు బిల్లు తెచ్చారు. అన్నీ అటకెక్కాయి. రావలసిన చట్టం జైలు కన్నా ముందు పరిహారం గురించి మాట్లాడాలి, ఇంటి యజమానికీ ప్రైవేటు యజమానికీ వర్తించాలి, నిరాకరణకు కారణం చెప్పే భారాన్ని నిరాకరించినవాడి మీద పెట్టాలి. ఫిర్యాదు స్వీకరించే బల్ల నగరపాలక సంస్థలోనే ఉండాలి, గడువులోగా తేల్చాలి.

మనుషులంతా ఒక్కటేనని గురు ఘాసీదాస్ బోధించిన నేల ఛత్తీస్‌గఢ్. ఏటా డిసెంబరు 18న ఆయన జయంతికి అన్ని పార్టీల నేతలూ పూలమాలలతో బారులు తీరుతారు. ఆ మాలల ఖర్చులో కాస్త మిగిల్చి రాయ్‌పూర్ నగర పాలక సంస్థలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక రిజిస్టరు పెట్టి చూస్తే, ఆ రిజిస్టరు ఎన్నాళ్లలో నిండుతుందో తెలుస్తుంది. బహుశా దాన్ని పెట్టకపోవడానికి కారణం కూడా అదే.