ఫార్మసిస్టు చెప్పిన మాట పుస్తకానికెక్కాలి

మా అమ్మగారు గుండె బలహీనతకు డిజాక్సిన్, ఫ్రూసెమైడ్ మాత్రలు వాడుతుండేవారు. ఒకసారి వికారంతో, నాడి గతి తప్పి ఆసుపత్రిలో చేరారు. మందులు సరిచూడవచ్చిన ఫార్మసిస్టు ఒకే ప్రశ్న అడిగాడు: "ఇంట్లో ఇంకేమైనా పుచ్చుకుంటున్నారా అమ్మా?" దగ్గు కోసం రెండు నెలలుగా నిత్యం అతిమధురం కషాయం త్రాగుతున్న సంగతి అప్పుడు బయటపడింది. అతడు వెంటనే డాక్టరుగారికి తెలిపాడు. పరీక్షించగా రక్తంలో పొటాషియం బాగా తగ్గి ఉన్నది. కషాయం మాన్పించి, తగిన చికిత్స చేయగా అమ్మగారు కోలుకున్నారు.

అతిమధురం మంచి ఔషధమే. కాని ఎక్కువకాలం వాడితే పొటాషియం తగ్గవచ్చును. ఫ్రూసెమైడ్ కూడ ఆ పనే చేస్తుంది. పొటాషియం తగ్గిన శరీరంలో డిజాక్సిన్ విషలక్షణాలు చూపుతుంది.

నన్ను బాధించిన విషయం వేరొకటి. మరల ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చూస్తే, పాత కాగితాలలో పొటాషియం తగ్గినదని ఉన్నది గాని, కారణం లేదు. ఫార్మసిస్టు చెప్పిన హితవు నోటిమాటగానే పోయింది.

మన దేశంలో 2008లో ఫార్మ్.డి. కోర్సు ప్రారంభమైనది. 2015లో ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు వెలువడినవి. అయినను ఫార్మసిస్టు అనగా మాత్రలు లెక్కించి ఇచ్చేవాడనే భావన మనలో చాలామందికి పోలేదు. ఏ మందులో ఏ చిక్కు కనిపించినది, తాను ఏమి సూచించినది, వైద్యుడు అంగీకరించినదీ లేనిదీ, ఫలితమేమి అన్నవి ప్రతి ఆసుపత్రిలోను అతడు వ్రాసి ఉంచాలి. నెలకొకసారి వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు కూర్చుని వాటిని పరిశీలించాలి. ఒకే పొరపాటు పదేపదే కనబడితే, దోషం వ్యక్తిలో కాక పద్ధతిలో ఉన్నదని గ్రహించవచ్చును. ఇది తప్పులెన్నే చిట్టా కారాదు. అట్లయితే ఎవరూ నిజం వ్రాయరు.

పని ఒత్తిడిలో ఈ వ్రాతకోతలు ఎక్కడ సాధ్యమని కొందరనవచ్చు. నాలుగు వరుసలు వ్రాయడానికి పట్టే కాలం, మరొక రోగి అదే ఆపదలో పడితే పట్టే కాలం కంటె ఎక్కువ కాదు గదా!

చరకాచార్యులు చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు చెప్పారు. తన స్థితిని దాచక తెలుపగలగడం రోగికి ఉండవలసిన గుణాలలో ఒకటి అన్నారు. కనుక పాఠకులకు నా మనవి: ఆసుపత్రికి వెళ్ళునపుడు మాత్రల చీటీతో పాటు ఇంట్లో వాడే చూర్ణాల, కషాయాల పేర్లు కూడ వ్రాసి తీసుకుని వెళ్ళండి. ఫార్మసిస్టు ఇచ్చిన సలహాను మీ కాగితాలలో వ్రాయించుకోండి.