గన్నవరం అక్విడెక్టు దాటిన నీళ్లు శివారుకు చేరవేం?

మే 15న కాటన్ దొర విగ్రహాలకు దండలు వేయడానికి నాయకుల కొరత ఉండదు. తప్పులేదు, మనమూ వేస్తాం. కాని కాలువలు కట్టేసి ఉండేదీ ఆ రోజుల్లోనే. పూడిక తీయాలన్నా, షట్టర్లు బాగుచేయాలన్నా, తూములు కట్టాలన్నా మనకున్న వ్యవధి అదొక్కటే. దండ వేసి ఫొటో దిగినవారిలో ఎందరు ఆ తర్వాత కాలువ గట్టు ఎక్కారు?

పి.గన్నవరం దగ్గర వైనతేయ మీది పాత అక్విడెక్టును చూసినప్పుడల్లా మాకిదే గుర్తొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలంలోనే కాటన్ కింద పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ 49 కమానుల మీద కాలువను ఏరు దాటించాడు. కింద ఏరు, పైన కాలువ. మోటారు లేదు, కరెంటు లేదు, పల్లం లెక్కగట్టి నీటిని నడిపించడమే. మామిడికుదురు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి చేలు పండింది ఆ నీటితోనే. 2000లో పక్కనే కొత్తది వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు నీళ్ల వంతెనకు పెట్టడం మాకు నచ్చిన పని.

వంతెన తన పని తాను చేస్తోంది. చిక్కంతా అది దాటాకే. పంట కాలువలో తూడు, గుర్రపుడెక్క. లస్కరు కనపడడు. ఎగువ చేలు నిండితే శివారు రైతు వంతు కోసం రాత్రుళ్లు గట్టు మీద కాపలా. తీరా పంట చేతికొచ్చే వేళకు వాన పడితే డ్రెయిన్ లాగదు, పనలు నీళ్లలోనే మొలకెత్తుతాయి. వరి చేల మధ్య తవ్విన రొయ్యల చెరువుల ఉప్పునీరు కూడా ఆ డ్రెయిన్లోకే. 2011లో కోనసీమ రైతులం సార్వా వదిలేసి పంట విరామం ప్రకటించింది సరదాకి కాదు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో మళ్లీ విరామం మాటే వినపడింది.

పాత కట్టడాన్ని పర్యాటకులకు చూపిస్తామంటే మేం అడ్డం కాదు. రాతి సందుల్లో రావి మొక్కలు వేళ్లూనకుండా ముందు చూడండి. అంతకన్నా ముందు, నీరు కట్టేసిన వారంలోనే పూడికతీత మొదలుపెట్టండి. నీళ్లు వదిలాక చేసిన పనికి కొలతలు ఎవరు చూస్తారు, నీళ్లలో మునిగా?

సభ్యులకు ఒక్క మనవి. ఈ సార్వాకు మీ బోదె చివరి చేనుకు నీరు ఏ తేదీన చేరిందో, డ్రెయిన్ ఎక్కడ పూడిందో రాసి గ్రామ సంఘానికి ఇవ్వండి. ఆ కాగితాలతోనే ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్దాం.