మాజు అమ్మవారు మనకు పరాయి కాదు

ఆష్‌బర్న్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే తెలుగువాళ్లు చైనాటౌన్ వేవర్లీ ప్లేస్‌లో మెట్లెక్కి, పై అంతస్తులోని తియెన్ హౌ గుడి కూడా చూసి రావాలంటాను. 1852లో వెలసిందని చెప్పుకునే ఆ గుడిలో కొలువైనది మాజు. చైనాలోని ఫుజియెన్ తీరంలో లిన్ వారింట పుట్టి, చనిపోయాక ఓడవాళ్లను కాచే దేవతైన ఆడపిల్ల. పెనుగంచిప్రోలు తిరుపతమ్మను పేరంటాలుగా కొలిచే మనకు ఆవిడ పరాయి ఎలా అవుతుంది? నన్ను బాధించేది మరొకటుంది. ఆ గుడి కట్టుకున్న చైనా వలస కూలీలు సముద్రం దాటుతూ తమ తీరపు అమ్మను వెంట తెచ్చుకున్నారు. మనం మిగతా భారతీయులతో కలిసి లాన్‌హామ్‌లో గుడి కట్టి శివుణ్ణి, విష్ణువును ఘనంగా నిలుపుకున్నాం. పోలేరమ్మను, ఎల్లమ్మను మాత్రం ఊరి పొలిమేరలోనే వదిలేశాం. ఏడాదికోసారి హాల్లో బోనాలు ఎత్తితే చాలదు, ఆ తల్లులకూ ఇక్కడ నిత్యం దీపం వెలిగే గది ఒకటి కావాలి.